టర్మ్ షీట్ మీద సంతకం పెట్టేముందు ఇలా చదవండి

మొదటి టర్మ్ షీట్, అంటే ఇన్వెస్టర్ ఏ షరతుల మీద డబ్బు పెడతారో రాసిన కాగితం, వచ్చినప్పుడు అందరి కళ్లూ నేరుగా వాల్యుయేషన్ (కంపెనీకి కట్టిన విలువ) దగ్గరికే పోతాయి. పోవడం సహజమే. నెలల తరబడి ఎంతోమంది చుట్టూ తిరిగాక ఒకరు సరే అన్నారంటే, ఆ అంకె మన కష్టానికి పడ్డ మార్కుల్లా అనిపిస్తుంది. కానీ రేపు కంపెనీ అమ్ముడుపోతే మీ చేతికి ఎంత వస్తుంది, అసలు అమ్మాలా వద్దా అని చెప్పేది ఎవరు, తర్వాతి రౌండ్ (ఇన్వెస్టర్ల దగ్గర మళ్లీ డబ్బు తీసుకోవడం) తక్కువ ధరకి జరిగితే ఎవరి వాటా కరుగుతుంది, ఇవన్నీ తేల్చేవి ఆ అంకె కింద ఉన్న ఐదారు క్లాజులు. వాటిని ఏ వరసలో చదవాలో, ఎక్కడెక్కడ లెక్క వేసుకోవాలో చెప్తాను.

షీట్ మొత్తం చదవడానికి ఒక్క ప్రశ్న చాలు. ప్రతి క్లాజు దగ్గరా ఆగి, "ఇది ఏ పరిస్థితిలో ఫౌండర్‌నీ ఇన్వెస్టర్‌నీ చెరో వైపుకి లాగుతుంది?" అని అడగండి. కంపెనీ బ్రహ్మాండంగా నడిస్తే చాలా క్లాజులు ఎవరికీ గుర్తుకూడా రావు, అందరూ సంతోషంగానే ఉంటారు. పూర్తిగా మూతపడితే పంచుకోడానికే ఏమీ మిగలదు. మధ్యరకంగా నడిచి, ఓ మోస్తరు ధరకి అమ్ముడుపోయే కంపెనీల్లోనే, లేదా ఒక రౌండ్ తేడా కొట్టి తర్వాత కోలుకునే కంపెనీల్లోనే ఈ షరతులకి పని పడుతుంది. మీరు ఇన్వెస్టర్‌గా చదువుతున్నా ప్రశ్న ఇదే, ఎందుకంటే ఫౌండర్ ఆసక్తి చచ్చిపోయిన కంపెనీలో మీ క్లాజు ఎంత గట్టిగా ఉన్నా డబ్బు వెనక్కి రాదు.

కింద అంకెలు కోట్లలో, లక్షల్లో రాస్తున్నా. కరెన్సీ ఏదైనా వేసుకోండి, లెక్క మారదు.

మొదటి అడుగు: క్యాప్ టేబుల్ మీరే కట్టండి

ఇన్వెస్టర్ పంపిన షీట్ చూడకముందే ఒక ఎక్సెల్ ఫైల్ తెరిచి, ఎవరి దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో రాసుకోండి, ఈ పట్టికనే క్యాప్ టేబుల్ అంటారు. ఫౌండర్లు, మొదట్లో చేరిన ఉద్యోగులకి మాటిచ్చిన ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకి తర్వాత షేర్లు కొనుక్కునే హక్కు), సలహాదారులకి ఇస్తామన్న వాటా, ఇప్పటికే తీసుకున్న సేఫ్‌లు, నోట్లు (తర్వాత షేర్లుగా మారే పత్రాలు, మూడో అడుగులో చూద్దాం), అన్నీ. నోటిమాటగా "నీకో శాతం ఇస్తాలే" అన్నవి కూడా రాయండి, ఎందుకంటే అలాంటివి డబ్బు వచ్చే వారంలోనే బయటపడతాయి. శాతాలు రాసుకుని వదిలేయకండి, షేర్ల సంఖ్య రాయండి. శాతం ప్రతి రౌండ్‌కీ మారిపోతుంది, షేర్ల సంఖ్య మారదు, తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవాలంటే ఆ సంఖ్యే ఆధారం.

మన ఉదాహరణలో ఇద్దరు ఫౌండర్లు, చెరో 35 లక్షల షేర్లు, మొత్తం 70 లక్షలు. ఇన్వెస్టర్ 2 కోట్లు పెడతానంటున్నారు, ప్రీ-మనీ 8 కోట్లు అంటున్నారు.

రెండో అడుగు: ప్రీ-మనీలో ఏం కలిపారో విడదీయండి

ప్రీ-మనీ అంటే డబ్బు రాకముందు కంపెనీ విలువ, పోస్ట్-మనీ అంటే వచ్చాక. 8కి 2 కలిపితే 10 కోట్లు, ఇన్వెస్టర్‌కి 20 శాతం. అంటే ఫౌండర్లకి 80 శాతం మిగలాలి కదా? షీట్‌లో కింద ఒక చిన్న వాక్యం ఉంటుంది: రౌండ్ పూర్తయ్యేనాటికి 10 శాతం ఆప్షన్ పూల్ (ఉద్యోగుల ఆప్షన్ల కోసం పక్కన పెట్టే షేర్లు) ఉండాలి, అది ప్రీ-మనీలోనే కలిపి ఉండాలి అని. ఆ వాక్యంతో ఫౌండర్ల వాటా 70 శాతానికి దిగుతుంది. ఇన్వెస్టర్ 20 శాతం కదలదు, పూల్ మొత్తం ఫౌండర్ల వాటాలోంచే వస్తుంది.

షేర్లలో చూస్తే ఇంకా స్పష్టం. ఫౌండర్లవి 70 లక్షలు, పూల్ 10 లక్షలు, ఇన్వెస్టర్‌వి 20 లక్షలు, మొత్తం కోటి షేర్లు, షేరు ధర 10. పూల్ లేకుండా 8 కోట్లని 70 లక్షల షేర్లతో భాగిస్తే ధర 11.43 అయ్యేది. మీ 70 లక్షల షేర్లకి 10 చొప్పున, అంటే మీ కంపెనీకి నిజంగా కట్టిన విలువ 7 కోట్లు, పైన రాసింది 8.

దీన్ని మోసం అనుకోవద్దు. రేపు మంచి ఇంజనీర్లు రావాలంటే ఆప్షన్లు కావాలి, తను డబ్బు పెట్టిన మర్నాడే తన వాటా కరగకూడదని ఇన్వెస్టర్ అనుకోవడంలోనూ న్యాయం ఉంది. బేరం ఆడాల్సింది పూల్ సైజు మీద. వచ్చే 12 నుంచి 18 నెలల్లో ఎవరెవరిని తీసుకోబోతున్నారో, ఒక్కొక్కరికి ఎంత ఇవ్వాల్సి వస్తుందో పేరుపేరునా కాకపోయినా పోస్టు పోస్టుకీ రాసి చూపించండి. మొత్తం 6 శాతమే అయితే పూల్ 6 లేదా 7 చాలు. ఆధారం లేకుండా "తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు, నియామకాల పట్టిక ముందు పెడితే మాట్లాడతారు.

మూడో అడుగు: సేఫ్‌లు, నోట్లు ఉంటే అవి షేర్లు అయ్యాక ఎంతవుతాయో చూడండి

చాలామంది తొలి డబ్బు షేర్ల రూపంలో తీసుకోరు. అమెరికాలో స్టార్టప్‌లకి తొలి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ 2013లో సేఫ్ అనే చిన్న పత్రం తెచ్చింది, 2018లో దాన్నే పోస్ట్-మనీ లెక్కకి మార్చింది. ఇది అప్పు కాదు, వడ్డీ లేదు, గడువు లేదు. తర్వాత షేరు ధర తేల్చే రౌండ్ జరిగినప్పుడు షేర్లుగా మారుతుంది. వారాల తరబడి లాయర్లతో కూర్చోకుండా పని అయిపోతుంది కాబట్టి అందరికీ నచ్చింది. సమస్య కూడా అక్కడే మొదలవుతుంది, సులువు కదా అని ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటూ పోతారు, మొత్తం ఎంతయిందో కూడిక వేయరు.

పోస్ట్-మనీ సేఫ్‌లో కూడిక మాత్రం చాలా తేలిక. పెట్టిన డబ్బుని క్యాప్‌తో (షేర్లుగా మారేటప్పుడు లెక్కకి తీసుకునే గరిష్ఠ కంపెనీ విలువ) భాగిస్తే వాటా వచ్చేస్తుంది. ఒకరు 5 కోట్ల క్యాప్ మీద 50 లక్షలు ఇచ్చారు, 10 శాతం. ఇంకొకరు 6 కోట్ల క్యాప్ మీద 30 లక్షలు, 5 శాతం. మూడో మనిషి 8 కోట్ల మీద 40 లక్షలు, ఇంకో 5 శాతం. వెరసి కోటి 20 లక్షలకి 20 శాతం వెళ్లిపోయింది, ఇంకా అసలు రౌండ్ మొదలే కాలేదు. ఆ రౌండ్‌లో కొత్త ఇన్వెస్టర్‌కి 20, కొత్త పూల్‌కి 10 పోతే మిగిలే 70లో ఫౌండర్లది 80 శాతం, అంటే 56. ఇద్దరు ఫౌండర్లయితే చెరో 28. మొదటి రౌండ్‌కే సగానికి దగ్గరపడ్డారన్నమాట.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. పోస్ట్-మనీ సేఫ్‌లో మీరు తీసుకునే ప్రతి కొత్త సేఫ్ మీ వాటానే కోస్తుంది, పాత సేఫ్ వాళ్ల శాతాన్ని తాకదు. పాత ప్రీ-మనీ సేఫ్‌లో సేఫ్‌లు ఒకదాన్నొకటి కూడా కొంత కోసుకునేవి, అందుకే అందులో ఎవరికి ఎంత పోతుందో రౌండ్ వరకూ తేలేది కాదు. మీ దగ్గర రెండు రకాలూ కలిసి ఉంటే, రౌండ్ మొదలవ్వకముందే లాయర్ చేత లెక్క కట్టించండి.

కన్వర్టిబుల్ నోట్ అయితే అది నిజంగా అప్పే, వడ్డీ, గడువు రెండూ ఉంటాయి. కోటి నోటు, 8 శాతం బారువడ్డీ, 18 నెలలకి రౌండ్ జరిగిందనుకోండి, 12 లక్షల వడ్డీ కూడా షేర్లుగా మారుతుంది. 20 శాతం డిస్కౌంట్ ఉంటే కొత్త వాళ్లు 10కి కొనే షేరు వీళ్లకి 8కి వస్తుంది, అంటే 14 లక్షల షేర్లు. క్యాప్ కూడా ఉండి, క్యాప్ ప్రకారం ధర 5కి దిగితే 22.4 లక్షల షేర్లు. మామూలుగా క్యాప్, డిస్కౌంట్ రెండిట్లో ఇన్వెస్టర్‌కి ఏది లాభమో అదొక్కటే వర్తిస్తుంది, రెండూ కలిపి ఇమ్మనే పత్రం కనిపిస్తే ప్రశ్నించండి.

ఇంకో చోట కూడా చూడాలి, చాలామంది వదిలేస్తారు. పై నోటు మనిషి పెట్టింది వడ్డీతో కలిపి కోటి 12 లక్షలు. కానీ అతని 22.4 లక్షల షేర్లు కొత్త ఇన్వెస్టర్ షేర్లలాంటివే అయితే, ఒక్కో షేరుకి 10 చొప్పున 2 కోట్ల 24 లక్షల ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్ముడైతే ముందుగా తీసుకునే మొత్తం) వచ్చి కూర్చుంటుంది. పెట్టినదానికి రెట్టింపు ముందే తీసుకునే హక్కు, ఎవరూ బేరమాడకుండానే. దీనికి మందు ఉంది: మారే షేర్లని వేరే ఉప-తరగతిగా పెట్టి, ప్రిఫరెన్స్ అసలు కట్టిన ధరకే పరిమితం చేస్తారు. వై కాంబినేటర్ సేఫ్‌లో ఈ ఏర్పాటు ముందే ఉంది, నోట్లలో ఉందో లేదో మీరే చూసుకోవాలి.

గడువు సంగతి కూడా. గడువు తీరేనాటికి రౌండ్ జరగకపోతే ఏమవుతుందో నోటులో రాసి ఉందా? చాలామంది ఇన్వెస్టర్లు గడువు పొడిగిస్తారు, ఎందుకంటే డబ్బులేని కంపెనీ నుంచి అప్పు వసూలు చేసి వాళ్లకి ఒరిగేదేమీ లేదు. కానీ పొడిగించినందుకు క్యాప్ తగ్గించమని అడగొచ్చు, అప్పుడు మీ చేతిలో బేరమాడే బలం ఉండదు. గడువు తీరితే ఫలానా విలువకి షేర్లుగా మారుతుంది అని ముందే రాయించుకోవడం మంచిది. ఇన్వెస్టర్ వైపు నుంచి చూస్తే సేఫ్‌లో ఆ గడువే లేదు, కంపెనీ లాభాల్లో పడి మళ్లీ రౌండ్ తేకపోతే ఆ పత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు, ఆ ఇబ్బంది తెలిసే సంతకం పెట్టాలి.

నాలుగో అడుగు: లిక్విడేషన్ ప్రిఫరెన్స్, ఇక్కడ తొందరపడొద్దు

నన్నడిగితే మొత్తం షీట్‌లో సగం టైమ్ దీనికే ఇవ్వాలి. కంపెనీ అమ్ముడైనప్పుడు డబ్బు ఏ వరసలో పంచాలో చెప్పే క్లాజు ఇది.

ఇన్వెస్టర్ 2 కోట్లు పెట్టి 20 శాతం తీసుకున్నారు. 1 రెట్టు నాన్-పార్టిసిపేటింగ్ అంటే, అమ్మకం రోజున ఇన్వెస్టర్ ముందు రెండు దారులుంటాయి: పెట్టిన 2 కోట్లు ముందే తీసుకుని పక్కకి తప్పుకోవడం, లేదా అందరిలాగే 20 శాతం తీసుకోవడం. కంపెనీ 6 కోట్లకి అమ్ముడైతే 20 శాతం అంటే కోటి 20 లక్షలే, కాబట్టి 2 కోట్లు తీసుకుంటారు, మిగతా అందరికీ 4 కోట్లు. 30 కోట్లకి అమ్ముడైతే 20 శాతమే మేలు, 6 కోట్లు తీసుకుంటారు.

పార్టిసిపేటింగ్ అయితే రెండూ వస్తాయి. 6 కోట్లలో ముందు 2, ఆ తర్వాత మిగిలిన 4లో 20 శాతం, మొత్తం 2.8 కోట్లు. 30 కోట్ల అమ్మకంలో 2తో పాటు 28లో 20 శాతం, 7.6 కోట్లు. ఇక 2 రెట్ల నాన్-పార్టిసిపేటింగ్ అయితే 6 కోట్ల అమ్మకంలో 4 కోట్లు ఇన్వెస్టర్‌కి, 2 కోట్లు మిగతా అందరికీ.

అంకెలకంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెప్తా. అందరూ న్యాయమైనదని ఒప్పుకునే 1 రెట్టు నాన్-పార్టిసిపేటింగ్‌లో కూడా, అమ్మకం ధర 2 కోట్ల నుంచి 10 కోట్ల వరకు ఎంతున్నా ఇన్వెస్టర్‌కి వచ్చేది అదే 2 కోట్లు. 4 కోట్ల ఆఫర్ వచ్చినా 9 కోట్ల ఆఫర్ వచ్చినా వాళ్లకి తేడా లేదు. మీకు మాత్రం 2 కోట్లకీ 7 కోట్లకీ ఉన్నంత తేడా. అంటే ఆ పరిధిలో ధర కోసం గట్టిగా పోరాడే మనిషి మీరొక్కరే, పక్కన కూర్చున్న ఇన్వెస్టర్ "త్వరగా ముగించేద్దాం" అనుకోవచ్చు, లేదంటే "2 కోట్లు ఎలాగూ వస్తాయి, ఇంకో ఏడాది రిస్క్ తీసుకుని పెద్దదానికి ప్రయత్నిద్దాం" అనీ అనుకోవచ్చు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు, పత్రం అలా నడిపిస్తుంది అంతే. అందుకే మీ కంపెనీకి ఈ పరిధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద గీసుకోండి. ప్రతి కొత్త రౌండ్‌తో అది పెరుగుతుంది: తర్వాత 10 కోట్లు, ఆ తర్వాత 20 కోట్లు తీసుకుంటే 32 కోట్ల వరకు కామన్ షేర్లకి (ప్రిఫరెన్స్ లేని, ఫౌండర్లు, ఉద్యోగుల షేర్లు) ఒక్క పైసా రాని అమ్మకాలు ఉండొచ్చు.

ఇది ఊహ కాదు. ట్రాడోస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ కంపెనీని 2005లో ఎస్‌డీఎల్ 6 కోట్ల డాలర్లకి కొంది. అందులో 78 లక్షల డాలర్లు, అమ్మకం జరిగితే మేనేజ్‌మెంట్‌కి ఇస్తామని బోర్డు ముందే పెట్టిన ప్లాన్ కింద వెళ్లాయి. మిగతా 5 కోట్ల 22 లక్షలు ప్రిఫర్డ్ షేర్లు (ప్రిఫరెన్స్ ఉన్న షేర్లు) ఉన్న ఇన్వెస్టర్లకి వెళ్లాయి, వాళ్లకి రావాల్సిన ప్రిఫరెన్స్ 5 కోట్ల 79 లక్షలు కాబట్టి. కామన్ షేర్లకి సున్నా. ఒక కామన్ షేర్‌హోల్డర్ కోర్టుకి వెళ్లాడు. 2013లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర కోర్టు, బోర్డు కామన్ షేర్‌హోల్డర్ల విషయంలో అనుసరించిన పద్ధతి సరిగ్గా లేదని చెబుతూనే, ఆ షేర్లకి అప్పటికే ఏ విలువా లేదు కాబట్టి సున్నా ఇవ్వడం అన్యాయం కాదని తేల్చింది. ఆ తీర్పు వచ్చేసరికి అమ్మకం జరిగి ఎనిమిదేళ్లు.

కాబట్టి ఏం అడగాలి? 1 రెట్టు, నాన్-పార్టిసిపేటింగ్. తొలి దశలో దీనికంటే గట్టిగా అడిగితే కారణం అడగండి. పార్టిసిపేషన్ తప్పదంటే దానికి ఒక పరిమితి పెట్టించండి, పెట్టినదానికి 2 లేదా 3 రెట్లు అందాక ఆగిపోయేలా. డివిడెండ్ వాక్యం కూడా చూడండి: "క్యుములేటివ్" అని ఉంటే ఏటా 8 శాతం చొప్పున 2 కోట్లకి అయిదేళ్లలో 80 లక్షలు ప్రిఫరెన్స్‌కి తోడవుతుంది, "బోర్డు ప్రకటిస్తేనే" అని ఉంటే భయం లేదు.

ఇన్వెస్టర్లకి ఒక మాట. తొలి రౌండ్‌లో 2 రెట్లు రాయించుకున్నవాళ్లకి తర్వాతి రౌండ్‌లో అదే ఎదురవుతుంది. వచ్చే పెద్ద ఇన్వెస్టర్ పాత షీట్ చూసి "మాకూ 2 రెట్లు, మాది మీకంటే ముందు" అంటారు. అప్పుడు ఆ వరసలో మీరు కిందకి జారతారు. తొలి షీట్‌లో ఏ షరతు పెడితే అది పైన వచ్చే ప్రతి షీట్‌కీ నమూనా అవుతుంది.

ఐదో అడుగు: తర్వాతి రౌండ్ తక్కువ ధరకి జరిగితే?

యాంటీ-డైల్యూషన్ క్లాజు దీనికోసమే. ఇన్వెస్టర్ 10కి కొన్నాక కంపెనీ కొత్త షేర్లని 5కి అమ్మాల్సి వస్తే పాత ఇన్వెస్టర్‌కి కొంత సర్దుబాటు ఇస్తారు. ఎంత అనేదే అసలు గొడవ.

ఫుల్ రాచెట్ అని ఉంటే, పాత ఇన్వెస్టర్ మొదటినుంచీ 5కే కొన్నట్టు లెక్క. మన ఉదాహరణలో 20 లక్షల షేర్లు 40 లక్షలవుతాయి. కొత్తవాళ్లు కోటి పెట్టి 5 చొప్పున 20 లక్షల షేర్లు కొన్నారనుకుందాం, మొత్తం షేర్లు 140 లక్షలు, ఫౌండర్లు 70 శాతం నుంచి సరిగ్గా 50కి పడిపోతారు. కొత్త డబ్బు ఎంత చిన్నదైనా సరే, ధర ఒక్కటే చూస్తుంది ఈ రాచెట్.

బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ అని ఉంటే లెక్క వేరు. ఆ కోటి పాత ధరకి వచ్చి ఉంటే 10 లక్షల షేర్లు ఇచ్చేవాళ్లం, ఇప్పుడు 20 లక్షలు ఇస్తున్నాం. పాత మొత్తం 100 లక్షలకి ముందు 10, తర్వాత 20 కలిపి 110ని 120తో భాగించి 10తో గుణిస్తే కొత్త ధర 9.17. పాత ఇన్వెస్టర్ 20 లక్షల షేర్లు 21.82 లక్షలవుతాయి. ఫౌండర్లకి 57.5 శాతం మిగులుతుంది. అసలు ఏ రక్షణా లేకపోయి ఉంటే 58.3 ఉండేది. అంటే ఈ పద్ధతిలో ఇన్వెస్టర్‌కి రక్షణ ఉంది, ఫౌండర్‌కి పోయింది ఒక శాతం లోపే. ఇది అడిగితే ఒప్పుకోండి, దీనికోసం పోట్లాడి మిగతా బేరాల్లో బలం తగ్గించుకోవద్దు. ఫుల్ రాచెట్ అయితే మాత్రం వద్దని చెప్పండి.

పెద్ద కంపెనీలకి కూడా ఇలాంటివి తగిలాయి. అమెరికా చెల్లింపుల కంపెనీ స్క్వేర్ 2015లో పబ్లిక్‌కి వెళ్లినప్పుడు షేరు ధర 9 డాలర్లు. అంతకుముందు ‘సిరీస్ E’ అనే రౌండ్‌లో 15.46 డాలర్లకి కొన్నవాళ్లు, ఐపీఓలో షేరుకి కనీసం 18.56 డాలర్ల విలువ అందాలని రాయించుకున్నారు. ఆ తేడా పూడ్చడానికి కంపెనీ వాళ్లకి అదనపు షేర్లు ఇవ్వాల్సి వచ్చింది, ఆ మేరకు మిగతా వాటాదారులందరి వాటా తగ్గింది.

ఆరో అడుగు: వెస్టింగ్

"మా కంపెనీలో మా షేర్లు మేం మళ్లీ సంపాదించుకోవాలా?" అని చాలామందికి కోపం వస్తుంది. వెస్టింగ్ అంటే షేర్లు పనిచేసిన కాలాన్ని బట్టి మెల్లమెల్లగా మీవి కావడం, క్లిఫ్ అంటే తొలి గడువు నిండేదాకా ఒక్క షేరూ మీది కాకపోవడం. నాలుగేళ్ల వెస్టింగ్, మొదటి ఏడాది క్లిఫ్, ఇదే ఎక్కువగా కనిపించే పద్ధతి. కానీ ఇది ఇన్వెస్టర్ కంటే ముందు మీ కో-ఫౌండర్ నుంచి మిమ్మల్ని కాపాడుతుంది, మీ నుంచి అతన్నీ కాపాడుతుంది. వెస్టింగ్ లేకుండా ఇద్దరిలో ఒకరు ఏడాదిన్నరకి వెళ్లిపోతే 35 లక్షల షేర్లూ ఆ మనిషితోనే పోతాయి, మిగిలినవాళ్లు పనిచేస్తుంటే సగం వాటా ఖాళీగా కూర్చుంటుంది, తర్వాతి ఇన్వెస్టర్ ఆ క్యాప్ టేబుల్ చూసి వెనక్కి తగ్గుతారు. వెస్టింగ్ ఉంటే 48 నెలల్లో 18 నెలలకి దాదాపు 13 లక్షల షేర్లు అతనివి, మిగతా దాదాపు 22 లక్షలు కంపెనీకి వెనక్కి.

అడగాల్సినవి రెండు. ఇప్పటికే రెండేళ్లు పనిచేసి ఉంటే ఆ రెండేళ్లకి క్రెడిట్ ఇవ్వమనండి, గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టనివ్వకండి. రెండోది, కంపెనీ అమ్ముడై, కొన్నవాళ్లు మిమ్మల్ని కారణం లేకుండా తీసేస్తే మిగతా షేర్లన్నీ వెంటనే మీవి అయ్యేలా రాయించండి, దీన్ని డబుల్ ట్రిగ్గర్ అంటారు. అమ్మకం ఒక్కటే చాలు అనే సింగిల్ ట్రిగ్గర్ కొనేవాళ్లకి నచ్చదు, ఫౌండర్లు మర్నాడే వెళ్లిపోతారేమోనని ధర తగ్గిస్తారు. "బ్యాడ్ లీవర్" (తప్పు చేసి బయటికి వెళ్లిన మనిషి) అనే మాట ఎక్కడైనా కనిపిస్తే దాని నిర్వచనం అక్షరం అక్షరం చదవండి, ఎందుకంటే కొన్ని పత్రాల్లో మామూలుగా రాజీనామా చేసినవాళ్లు కూడా అందులోకి వచ్చేస్తారు, అప్పటికే తమవైన షేర్లు కూడా పోగొట్టుకుంటారు.

ఏడో అడుగు: నిర్ణయం ఎవరి చేతిలో

తొలి రౌండ్‌లో ముగ్గురి బోర్డు, ఇద్దరు ఫౌండర్లు, ఒక ఇన్వెస్టర్, బాగానే ఉంటుంది. తర్వాత రెండు, రెండు, ఒక స్వతంత్ర సభ్యుడు అన్న దశ వస్తుంది, అప్పుడు ఆ అయిదో మనిషిని ఎవరు ఎంపిక చేస్తారన్నదే కీలకం. "ఇరువైపులా ఒప్పుకున్న వ్యక్తి" అని ఉండాలి.

బోర్డుతో పాటు ప్రొటెక్టివ్ ప్రొవిజన్స్ అని ఒక జాబితా ఉంటుంది, ఇన్వెస్టర్ సమ్మతి లేకుండా చేయకూడని పనులు. కంపెనీని అమ్మడం, ఇన్వెస్టర్‌కంటే ముందు వరసలో ఉండే కొత్త షేర్లు ఇవ్వడం, బోర్డు సైజు మార్చడం, ఒక పరిమితి దాటి అప్పు తేవడం, ఇవి ఉంటే సరే. మైనారిటీ వాటా ఉన్నవాళ్లకి ఆ మాత్రం రక్షణ లేకపోతే డబ్బు ఎందుకు పెడతారు? కానీ అదే జాబితాలో నెలవారీ బడ్జెట్, ఉద్యోగుల నియామకం, ఫలానా మొత్తం దాటిన ప్రతి ఖర్చు కూడా ఉంటే కంపెనీ నడిపేది మీరు కాదు. ఆ సమ్మతి ఎవరివ్వాలో కూడా చూడండి: ప్రిఫర్డ్ షేర్లలో మెజారిటీ అని ఉండాలి, ఒక్కొక్క ఇన్వెస్టర్‌కీ విడివిడిగా వీటో ఇస్తే అందరికంటే చిన్న చెక్కు రాసిన మనిషి కూడా అమ్మకాన్ని ఆపగలడు.

డ్రాగ్-అలాంగ్ క్లాజుని నాలుగో అడుగుతో కలిపి చదవండి. మెజారిటీ ఒప్పుకుంటే మిగతావాళ్లు కూడా అమ్మితీరాలి అని చెప్తుంది ఇది. పని జరగాలంటే ఇలాంటిది కావాలి, లేకపోతే ఎక్కడో ఉన్న అర శాతం మనిషి సంతకం కోసం డీల్ ఆగిపోతుంది. అయితే లాగే హక్కు ప్రిఫర్డ్ వాళ్లకి మాత్రమే ఉంటే, ఇందాక చెప్పిన 2 నుంచి 10 కోట్ల పరిధిలో 4 కోట్ల ఆఫర్‌కి మిమ్మల్ని లాక్కెళ్లగలరు. బోర్డు, ప్రిఫర్డ్ మెజారిటీ, కామన్ మెజారిటీ, ముగ్గురూ సరే అంటేనే డ్రాగ్ పనిచేసేలా రాయించండి.

ప్రో-రాటా (తర్వాతి రౌండ్‌లోనూ డబ్బు పెట్టి తన శాతం నిలబెట్టుకునే హక్కు), సమాచార హక్కులు, మీ షేర్లు బయట అమ్మేముందు కంపెనీకి కొనే అవకాశం ఇవ్వాలనే షరతు, ఇవి మామూలే, ఎక్కువ టైమ్ పెట్టకండి. ఒక్కటి మాత్రం: చిన్న చిన్న మొత్తాలు పెట్టిన ప్రతి ఒక్కరికీ ప్రో-రాటా ఇచ్చేస్తే తర్వాతి రౌండ్‌లో వచ్చే పెద్ద ఇన్వెస్టర్‌కి కావల్సినంత వాటా దొరకదు, అదనంగా మీ వాటాలోంచే తీయాల్సి వస్తుంది. ఒక పరిమితికి మించి పెట్టినవాళ్లకే ఇవ్వండి.

ఎనిమిదో అడుగు: రెండు ఆఫర్లని పక్కపక్కన పెట్టి నడిపించండి

ఇప్పటిదాకా చూసిన ముక్కలన్నీ ఇక్కడ కలుస్తాయి. మొదటి ఆఫర్: 8 కోట్ల ప్రీ-మనీ, 2 కోట్లు, 10 శాతం పూల్, నాన్-పార్టిసిపేటింగ్. రెండోది: 10 కోట్ల ప్రీ-మనీ, అదే 2 కోట్లు, 15 శాతం పూల్, పార్టిసిపేటింగ్. పైకి చూస్తే రెండోది 2 కోట్లు ఎక్కువ. బయట చెప్పుకోడానికీ బాగుంటుంది.

లెక్క వేయండి. రెండో దాంట్లో ఇన్వెస్టర్ 16.67 శాతం, పూల్ 15, ఫౌండర్లకి 68.33. మొదటి దాంట్లో ఫౌండర్లకి 70. పూల్ అంతా ఉద్యోగులకి ఇచ్చేశారనుకుని అమ్మకం ధరలు మార్చి చూడండి. 4 కోట్లకి అమ్ముడైతే మొదటి ఆఫర్‌లో ఫౌండర్లకి కోటి 75 లక్షలు, రెండో దాంట్లో కోటి 37 లక్షలు. 12 కోట్లకి అయితే 8.4 కోట్లు, 6.83 కోట్లు. 50 కోట్లకి అయితే 35, 32.8. ఎక్కడా రెండోది మేలు కాలేదు. తక్కువ వాల్యుయేషన్ ఉన్న షీట్ అన్ని చోట్లా గెలిచింది.

ఈ పట్టికని మీరే కట్టండి, అయిదారు ధరలు వేసి, తర్వాత ఇంకో రౌండ్ జరిగితే ఎలా ఉంటుందో మరో వరస కలిపి. ఇన్వెస్టర్‌తో కూర్చున్నప్పుడు ఈ ఫైలే తెరిచి మాట్లాడండి. "మీ షరతులు కఠినంగా ఉన్నాయి" అనే మాటకి జవాబు రాదు, "12 కోట్ల దగ్గర మా ఇద్దరికీ మీకూ ఇంత తేడా వస్తోంది, దీన్ని ఎలా సర్దుదాం" అంటే వస్తుంది. మంచి ఇన్వెస్టర్ ఈ సంభాషణకి సంతోషిస్తారు. విసుక్కుంటే రేపు బోర్డులో కూడా అలాగే ఉంటారని అనుకోవచ్చు.

తొమ్మిదో అడుగు: సంతకం, ఆ తర్వాతి వారాలు

టర్మ్ షీట్‌లో చాలా భాగం చట్టపరంగా కట్టుబడి ఉండాల్సింది కాదు, కానీ గోప్యత, నో-షాప్, చాలాసార్లు లాయర్ ఫీజుల వాక్యాలు కట్టిపడేస్తాయి. నో-షాప్ అంటే ఆ గడువు లోపల ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. 30 నుంచి 45 రోజులు సరిపోతుంది. 90 అడిగితే ఒప్పుకోకండి, ఆ మూడు నెలల్లో మీ ఖాతాలో డబ్బు తరిగిపోతుంది, చివరి వారంలో ధర మారుస్తామంటే కాదనే ఓపిక ఉండదు. ఇన్వెస్టర్ లాయర్ ఫీజు కంపెనీ కట్టాలని ఉంటే గరిష్ఠ మొత్తం అంకెల్లో రాయించండి.

సంతకానికి ముందే ఆ ఇన్వెస్టర్ ఇంతకుముందు డబ్బు పెట్టిన ఇద్దరు ముగ్గురు ఫౌండర్లతో ఫోన్‌లో మాట్లాడండి, వాళ్లు ఇచ్చిన పేర్లే కాకుండా మూతపడ్డ కంపెనీ ఫౌండర్ ఒకరినైనా వెతికి పట్టుకోండి. కష్టకాలంలో ఏ క్లాజు బయటికి తీశారు, ఏది వదిలేశారు అని అడగండి.

లాయర్ విషయంలో పొదుపు చేయకండి. తెలిసినాయన అని ఇళ్ల రిజిస్ట్రేషన్లు చూసే లాయర్ దగ్గరికి వెళ్లొద్దు, స్టార్టప్ రౌండ్లు రోజూ చూసేవాళ్లే కావాలి. వాళ్లకి మాత్రమే ఏది మామూలు షరతో ఏది కొత్తగా దూర్చిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

చివరి పత్రాలు వచ్చాక వాటితో పాటు ప్రో-ఫార్మా క్యాప్ టేబుల్ ఒకటి వస్తుంది, డబ్బు పడ్డాక ఎవరి దగ్గర ఎన్ని షేర్లు ఉంటాయో చూపించే పట్టిక. మొదటి అడుగులో కట్టిన మీ ఫైల్ పక్కన పెట్టి, చివరి షేరు దాకా సరిచూడండి. శాతాలు దగ్గరగా ఉన్నాయని వదిలేయకండి, సేఫ్‌లు మారేచోట, పూల్ లెక్కలో, వడ్డీ తేదీల్లో తేడాలు దాక్కుంటాయి. ఒక్క షేరు తేడా ఉన్నా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా సంతకం ఆపండి.